ప్రొసీజరంటే ఫైలేనా?

మన సైన్సు విద్యార్థులకు 'ప్రొసీజర్' అన్న మాట కొత్తది కాదు. రికార్డులో ఎయిమ్, అపరేటస్ తర్వాత వచ్చేది అదే. సంతకం పడిందా, ఆ పేజీ మళ్ళీ తిప్పేవాళ్ళు తక్కువ. ఫ్యాక్టరీల్లోనూ, ఆఫీసుల్లోనూ ఇదే జబ్బు. ప్రొసీజరేదీ అంటే బీరువా తీసి ఫైలు చూపిస్తారు. ఫైలుంటే ప్రొసీజరున్నట్టేనా? కాదంటాను నేను.

ఐ.ఎస్.ఓ. 9000 ప్రమాణం చెప్పే అర్థం చాలా చిన్నది. ఒక పనిని గాని, ప్రక్రియను గాని చేయడానికి నిర్ణయించుకున్న పద్ధతే ప్రొసీజర్. అది కాగితం మీద ఉండవచ్చు, లేకపోనూవచ్చు. 2000 నాటి ఐ.ఎస్.ఓ. 9001 ఆరు ప్రొసీజర్లు రాతలో ఉండితీరాలన్నది. 2015 కూర్పులో ఆ ఆరింటి పట్టు పోయింది. ఏ పద్ధతిని రాసిపెట్టుకోవాలో చాలావరకు సంస్థ విజ్ఞతకే వదిలారు.

మా అమ్మ విత్తనపు వడ్లను ఉప్పునీళ్ళలో పోసి, తేలిన తాలు తీసేసి, మునిగిన గింజల్ని మంచినీళ్ళతో కడుగుతుంది. ఏటా అదే వరస. కడగకపోతే ఉప్పు మొలకను దెబ్బతీస్తుందనీ తెలుసు. కాగితం లేదు గనక అది ప్రొసీజర్ కాదనగలమా?

అలాగని రాత దండగ అనను. పాలకేంద్రం సంగతి చూడండి. గెర్బర్ పద్ధతిలో 10 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాల్ గొట్టంలో పోసి, యంత్రంలో తిప్పి వెన్న శాతం చూస్తారు. రైతుకు రేటు కట్టడంలో ఆ శాతం ముఖ్యం. కాని నిలవున్న పాలమీద మీగడ తేలుతుంది గదా! కలియబెట్టకుండా అడుగునుంచి శాంపిల్ తీస్తే, తక్కిన కొలతలన్నీ సరిగ్గా ఉన్నా వెన్న తక్కువే చూపిస్తుంది. నష్టపోయేది పాలు పోసినవాడు. 'ముందు బాగా కలపాలి' అన్న ఒక్క ముక్కమీద ఒక సంసారం ఆధారపడి ఉంది.

ఇంట్లో పని ఒకే చేతిమీద నడుస్తుంది, నోటిమాట చాలు. కేంద్రంలో పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. అక్కడ పద్ధతి రాసి ఉండాలి. బీరువాలో కాదు, గోడమీద. ఇంగ్లీషులో కాదు, తెలుగులో.

మిత్రులారా! రేపు మనలో కొందరు లాబుల్లో, ఫ్యాక్టరీల్లో ప్రొసీజర్లు రాసేవాళ్ళమవుతాం. ఆ పనివల్ల లాభనష్టాలు పొందే మనిషి చూసి, "అయ్యా, ఈ మెట్టు వదిలేశారు" అని నిలదీయగలిగితేనే అది ప్రొసీజర్. తక్కినదంతా చెదలకు మేత.