'కాసేపు' ఎవరిస్తారు?

శ్రావణం వచ్చిందంటే నారాయణపేట మగ్గాలకు తీరిక ఉండదు. వరలక్ష్మీ వ్రతం, పెళ్లిళ్లు, ఆ వెనకే బతుకమ్మ, దసరా... గళ్ల చీరలు, గుడి అంచు చీరలు కావాలనేవాళ్లంతా ఒక్కసారే వస్తారు. నాలుగు నెలల పని రెండు నెలల్లో మీదపడుతుంది. అలాగని ఇంట్లో మంచానపడ్డ పెద్దావిడ 'పండగలయ్యాక మందులు వేసుకుంటాలే' అనదు కదా! చంటిపిల్లాడి జ్వరానికీ సీజన్ తెలియదు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. భర్త మగ్గం మీద కూర్చుంటాడు. భార్య కండెలు చుడుతుంది, వంట చేస్తుంది, పిల్లల్ని బడికి పంపుతుంది, పక్షవాతం వచ్చిన అత్తమ్మకు స్నానం చేయించి అన్నం తినిపిస్తుంది. ఆమెకు భజన పాటలంటే ప్రాణం. వారానికో సాయంత్రం గుళ్లో నలుగురితో కలిసి ఓ గంట పాడుకుంటుంది. పని పెరగ్గానే మొట్టమొదట ఆగిపోయేది ఏది? ఆ గంటే. 'ఇంత పనుంటే పాటలేందమ్మా' అని ఎవరో అననక్కర్లేదు. ఆమే అనుకుంటుంది. భర్త సాయంత్రం చౌరస్తాకు వెళ్లి, టీ తాగి, దోస్తులతో ముచ్చట పెట్టి రావడం మాత్రం ఆగదు. అది ఎవరి లెక్కలోనూ సరదా కిందికి రాదు మరి!

నారాయణపేట అనే కాదు, హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే తీరు. అక్కడ మగ్గం బదులు ల్యాప్‌టాప్, పండగ ఆర్డర్ల బదులు సంవత్సరాంతపు లెక్కలు ఉంటాయి. మూలన పడేది వీణో, పెయింటింగ్ బ్రష్షో, సగం చదివిన నవలో.

నిమిషాల్లో తేడా

దేశంలో ఎవరి సమయం దేనికి పోతోందో తెలుసుకునేందుకు కేంద్ర ప్రభుత్వం 2024లో సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు అందుకోసం రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. ఇంట్లోవాళ్ల సంరక్షణ విషయానికొస్తే, 15 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు ఆడవాళ్లలో 41 శాతం మంది ఆ పనిలో పాలుపంచుకుంటున్నారు. మగవాళ్లలో 21.4 శాతమే. ఆ పని చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు కేటాయిస్తున్నారు.

అంటే 'నాకు టైమ్ దొరకడం లేదు' అని ఒకావిడ అందంటే, అది ఆమె ప్రణాళికలో లోపం కాకపోవచ్చు. ఆ ఇంట్లో పని పంచుకోవడంలోనే తేడా ఉండొచ్చు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి సరదా తీర్చుకోమని చెప్పే సలహాలు పనిచేయనిది ఇందుకే. అవి సమయాన్ని ఆమె నిద్రలోంచే తీస్తాయి, ఇంకెవరి వాటాలోంచీ తీయవు.

పడుగు పూర్తయ్యాక...

నారాయణపేట నేతలో ఒక ప్రత్యేకత చెబుతారు. ఒకేసారి 56 గజాల పడుగు మగ్గానికి ఎక్కించి, దానిమీద వరసగా ఎనిమిది చీరలు నేస్తారు. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీరల వెనకున్న పద్ధతి అది. ఆ పడుగు పూర్తయ్యాక మగ్గం ఆగక తప్పదు. కొత్త పడుగు ఎక్కించి, పోగుపోగూ సరిచూసుకున్నాకే మళ్లీ పేక పడుతుంది.

ఎంత తీరికలేని పనికైనా ఇలాంటి అతుకులు ఉంటాయి. ఒక ఆర్డరుకూ మరో ఆర్డరుకూ మధ్య, ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య కాస్త ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ వచ్చాక 'ఏం చేద్దాం' అని ఆలోచిస్తే అది ఇల్లు సర్దడానికే సరిపోతుంది. ముందే 'ఈ పూట నా పాటకు' అని చెప్పిపెట్టుకుంటే కొంతైనా నిలబడుతుంది.

అయితే మనిషిని చూసుకునే పనికి ఇలాంటి అతుకులు లేవు. పక్షవాతం వచ్చిన మనిషిని రాత్రి రెండింటికి పక్కకు తిప్పాల్సిందే. మతిమరుపు వచ్చిన పెద్దాయన తలుపు తీసుకుని వెళ్లిపోకుండా ఒక కన్నేసి ఉంచాల్సిందే. అక్కడ ఖాళీ దానంతట అది రాదు. ఇంకో మనిషి వచ్చి 'నువ్వు వెళ్లు, నేను చూసుకుంటా' అంటేనే వస్తుంది. పని ఒత్తిడికి ప్రణాళిక చాలు. సంరక్షణకు మాత్రం మనిషి కావాలి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలామంది సలహాలన్నీ పాటించి కూడా అలసిపోతుంటారు.

బతుకమ్మ ముందు ఎవరూ అడగరు

తెలంగాణలో ఏ ఇల్లాలూ అనుమతి అడగకుండా పాటకు వెళ్లే రోజులు తొమ్మిది ఉన్నాయి. బతుకమ్మ సాయంత్రం 'ఇప్పుడు పాటలెందుకు' అని ఏ అత్తా అనదు. వంట ముందే అయిపోతుంది, పిల్లల్ని ఎవరో ఒకరు పట్టుకుంటారు, మగవాళ్లు పూలు కోసుకొస్తారు. పని తగ్గి కాదు సుమా! దసరా ముందు ఇంటిపని ఇంకా ఎక్కువే. ఆ గంట ఆడవాళ్లదని ఊరంతా ఒప్పుకోవడం వల్లే అది సాధ్యమవుతోంది.

ఇంట్లో సరదాకు కావాల్సింది కూడా అలాంటి ఒప్పందమే. 'వీలైతే వెళ్తా' అంటే ఆ వీలు ఎప్పుడూ రాదు. 'గురువారం ఆరు నుంచి ఏడు దాకా నేను ఉండను. అత్తమ్మ మందు డబ్బా ఇక్కడుంది. ఆరున్నరకు ఈ గోళీ వేయాలి' అని చెప్పాలి. రోజు, గంట, ఆ సమయంలో ఎవరు చూసుకుంటారో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. చూసుకునే మనిషికి పని నేర్పి ఉండాలి. మొదటిసారి అన్నం కాస్త ఒలికినా, దుప్పటి సరిగా పరవకపోయినా వెనక్కి పరుగెత్తుకు రాకూడదు. అలా వస్తే ఆ గంట మళ్లీ మీ చేతుల్లోంచి జారిపోయినట్టే.

ఇది ఆడవాళ్లకే కాదు. తల్లినో తండ్రినో ఒంటరిగా చూసుకుంటున్న కొడుకులూ ఉన్నారు. పనికోసం ముంబయి, పుణె వెళ్లిన కొడుకూ కోడలూ వదిలి వెళ్లిన మనవల్ని పెంచే అవ్వలు పాలమూరు పల్లెలకు కొత్త కాదు. అరవై దాటాక మళ్లీ తల్లిగా మారిన ఆ అవ్వకు ఏమిష్టమో ఎవరు అడిగారు?

పక్కన కూర్చునే...

కొన్ని సరదాలకు ఇల్లు దాటక్కర్లేదు. భండారు అచ్చమాంబ (1874-1905) బడికి వెళ్లి చదువుకోలేదు. చిన్న వయసులోనే పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన ఇంట్లో ఉండి చదువుకుంటుంటే, ఆ పక్కనే ఉండి చదువు నేర్చుకున్నారు. తర్వాత కథలు రాశారు. 1902లో 'ధనత్రయోదశి' వచ్చింది. ప్రసిద్ధ స్త్రీల జీవితాలతో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు. ఇంట్లో ఒక పిల్లాడి చదువు చూసుకుంటూనే ఆమె తన చదువు తాను సంపాదించుకున్నారు.

పిల్లాడు హోంవర్క్ చేస్తుంటే పక్కన కూర్చుని పది పేజీలు చదవచ్చు. అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తూ పాట సాధన చేయచ్చు. ఊలు అల్లిక, బొమ్మలు గీయడం లాంటివి ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవచ్చు. గంటసేపు కదలకుండా కూర్చోవాల్సిన వాటిని మాత్రం ఇంకొకరు బాధ్యత తీసుకున్న రోజుకే పెట్టుకోవాలి.

మంచం మీదున్న మనిషికీ ఒకప్పుడు ఏదో ఒక సరదా ఉండే ఉంటుందని మనం మరిచిపోతుంటాం. 16 దేశాల్లో 65 ఏళ్లు, ఆపై వయసున్న 93,263 మంది వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వచ్చింది. ఏదో ఒక అభిరుచి ఉన్నవాళ్లలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, సంతోషం, జీవితం పట్ల తృప్తి ఎక్కువగా కనిపించాయి. అభిరుచి వల్లే అంతా జరిగిందని దీన్నిబట్టి తేల్చలేం కానీ, రెంటికీ సంబంధమైతే ఉంది. జీవితమంతా కండెలు చుట్టిన అవ్వ చేతికి ఓ నూలు ఉండ ఇచ్చి చూడండి. పాత పాట ఒకటి ఎత్తుకోమనండి. మీ సరదా, ఆవిడ సరదా ఒక్కటైతే ఆ అరగంట ఇద్దరిదీ అవుతుంది.

ఆపాల్సి వస్తే?

కొన్ని వారాలు నిజంగానే ఏదీ కుదరదు. ఆస్పత్రిలో మనిషి ఉన్నప్పుడు పాట గుర్తుకు రాదు, రానక్కర్లేదు కూడా. అలాంటప్పుడు ఆపేయడంలో తప్పులేదు. ఆపిన రోజే మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. 'కొన్నాళ్లు' అని వదిలేసినవే ఏళ్లకేళ్లు తిరిగి రావు.

ఇష్టమైన పని చేసే వీలు దొరికినా చేయబుద్ధి కాకపోవడం, నిద్ర పట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ విసుక్కోవడం వారాల తరబడి ఉంటే అది బద్ధకం అనుకోవద్దు. మనసు అలసిపోయిందని అర్థం. టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడచ్చు. పెద్దవాళ్ల సంరక్షణలో సాయానికి, సమాచారానికి ఎల్డర్‌లైన్ 14567 ఉంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుంటే అంగన్‌వాడీకి పంపే అలవాటు చేస్తే ఆ కాస్త సమయమైనా చేతికొస్తుంది.

ఈ ఆదివారం అన్నాలయ్యాక ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక చిన్న పని చేయండి. ఈ రెండు నెలల్లో ఎవరెవరు ఏయే సరదా మానేశారో కాగితం మీద రాయండి. ఒకే పేరు పదేపదే కనిపిస్తే, వచ్చే వారం ఆ మనిషికి ఏ రోజు, ఏ గంట ఇవ్వాలో, ఆ గంటలో మంచం పక్కన ఎవరు కూర్చోవాలో అక్కడే తేల్చి, ఆ కాగితం మీదే రాసి గోడకు అతికించండి.