ఎలుకకు నొప్పి తగ్గిందా, మగత కమ్మిందా?

55 డిగ్రీల వేడి పలక మీద చిట్టెలుకను వదులుతారు. అది పాదం నాకడానికో, ఎగిరి దూకడానికో ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూస్తారు. పదిహేను సెకన్లు దాటితే పాదం కాలకుండా తీసేస్తారు. 1953లో ఎడ్డీ, లైంబాక్ వివరించిన ఈ హాట్ ప్లేట్ పరీక్షను ఫార్మసీ విద్యార్థులు నేటికీ చేస్తున్నారు. ఏదైనా ఔషధ మొక్క ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, సాక్స్‌లెట్‌లో మిథనాల్‌తో సారం తీసి, కిలో బరువుకు 200, 400 మిల్లీగ్రాముల చొప్పున తాగించి, చివరికి తేల్చే మాట తరచూ ఒకటే: నొప్పిని తగ్గించే గుణం ఉంది, మత్తు కలిగించే గుణం కూడా ఉంది.

ఇవి రెండు సుగుణాలని రాసుకోవడమే నా అభ్యంతరం. రెండోది నిజమైతే మొదటిది అనుమానంలో పడుతుంది. మగత కమ్మిన ఎలుక కాలు తీయడమే ఆలస్యం చేస్తుంది. పొట్టలోకి ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి మెలికలు లెక్కపెట్టే పరీక్షలోనూ అంతే. ఒళ్లు సడలిన జంతువు మెలికలు తక్కువే తిరుగుతుంది. అదే మోతాదుకు, కదలికలు లెక్కించే యాక్టోఫొటోమీటర్‌లో అంకెలు పడిపోయాయని తర్వాతి పట్టికలో ఉంటుంది. కానీ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదివేవారు అరుదు.

పెంటోబార్బిటాల్ అనే నిద్రమందు ఇచ్చి చేసే నిద్ర పరీక్షలో ఇంకో చిక్కుంది. ఎలుక ఎక్కువసేపు నిద్రపోయిందంటే సారం మెదడు మీద పనిచేసిందనే అనుకోనక్కర్లేదు. పెంటోబార్బిటాల్‌ను విరిచే కాలేయ ఎంజైములను అడ్డుకున్నా నిద్ర పొడుగవుతుంది.

తేల్చుకునే దారులు లేకపోలేదు. తిరిగే కడ్డీ మీద, అంటే రోటారాడ్ మీద, ఎలుక జారిపోకుండా నిలబడగలిగిన మోతాదులోనే వేడినీ ఓర్చుకుంటే ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. మార్ఫిన్ ప్రభావాన్ని అడ్డుకునే నలోక్సోన్ ఇచ్చాక ఆ ఓర్పు పోతే మార్ఫిన్ దారిలో పనిచేస్తోందని ఊహించవచ్చు. స్టాప్‌వాచ్ పట్టుకున్న వ్యక్తికి ఏ ఎలుకకు మందు ఇచ్చారో తెలియకూడదు. ఈ చివరి దానికి పైసా ఖర్చు లేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఇది కేవలం చదువుల గొడవ కాదు. సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల రోజుల్లో ఆడవాళ్లు పొద్దంతా వంగే ఉంటారు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు ఎన్నో కుటుంబాల కీళ్లను బిగించేశాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ ఏళ్ల తరబడి వాడితే పొట్టకూ, కిడ్నీలకూ చేటు. వావిలాకు కాపడం, జిల్లేడాకు కట్టు మీద ఆశ పెట్టుకోవడం సహజం. అయితే కట్టు వేరు, కడుపులోకి తీసుకునే సారం వేరు. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములంటే, శరీర ఉపరితలం లెక్కన 60 కిలోల మనిషికి సుమారు రెండు గ్రాముల సారం. ఆకులో పదో వంతు సారం దిగినా ఇరవై గ్రాముల ఎండుటాకు కావాలి. మగత తెచ్చే ఆకును అంత తిని, పైన కల్లు తాగి, ట్రాక్టర్ ఎక్కే మనిషి సంగతేమిటి?

సర్పగంధి మొక్క కథ తెలిసినవాళ్లకు తొందర ఉండదు. 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గుణాలు రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులపై ఫలితాలు ప్రచురించారు. దాని నుంచి రిసెర్పిన్ అణువును 1952లో వేరుచేశారు. ఆ మందు వాడినవారిలో కొందరు కుంగుబాటుకు లోనైనట్టు తర్వాత గమనించారు.

జంతు ప్రయోగాలకు 1960 నాటి చట్టం కింద అనుమతి తీసుకుంటున్నాం. ఒక జీవిని బాధపెట్టి అడిగే ప్రశ్నకు సమాధానం స్పష్టంగా రావాలి. రోటారాడ్ పట్టిక లేని నొప్పి థీసిస్‌ను గైడ్లు వెనక్కి పంపాలి. పనిచేయని ఆకు గురించి నిజాయితీగా రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించకూడదు. ఆ ఫలితం అచ్చయితే పక్క కళాశాలలో అదే ఆకు కోసం మళ్లీ ఎలుకలను పలక మీద పెట్టే పని ఉండదు.