బోయిగూడ గుమ్మం మీద ఎవరి పేరు?



నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చదవమంటే మనలో చాలామంది నాలుగు వచనాలకే ఆగిపోతారు. అన్నీ పేర్లే. ఎవరు ఏ గుమ్మము కట్టారు, ఎవరు ఏ గోడ బాగుచేశారు. అయితే ఆ జాబితాలో బంగారపు పనివారు, పరిమళ ద్రవ్యాలు చేసేవారు, ఒక అధికారి కుమార్తెలు, అందరూ ఒకే వరుసలో ఉన్నారు. ఎవరెంత ఇచ్చారన్న లెక్క లేదు. తెకోవ ఊరి ఘనులు మాత్రం పనికి మెడ వంచలేదు. అదీ రాసిపెట్టారు!

ఈ మాట ఇప్పుడెందుకంటే, సికింద్రాబాదులో పని చేసుకుంటున్న మన సంఘపు పిల్లలు మమ్మల్ని ఒకటి అడిగారు. అక్కడ రైల్వే స్టేషనును సుమారు 700 కోట్లతో కొత్తగా కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. 10వ నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికొస్తే బోయిగూడ. ఆ గుమ్మం దగ్గర కంటికి ఇంపుగా ఒక కమానో విగ్రహమో ఉంటే బాగుంటుంది, చందాలు వేసుకుంటే సంఘం కూడా ఇస్తుందా అని.

ఇస్తాం. కానీ ఊరికే ఇవ్వం.

మన పల్లెల్లో కమాన్లు చూడనివి కావు. పైన దాత పేరు, పక్కన ఆయన తండ్రి పేరు, కింద శిలాఫలకం మీద నాయకుల పేర్లు పదవుల వరుసలో. ఊరి పేరు వెతుక్కోవాలి. తట్ట మోసిన కూలీ పేరు వెతికినా దొరకదు. దానికి స్వాగత తోరణం అని పేరు! అలాంటిదే ఇంకొకటి కట్టడానికైతే విధవరాలి రెండు కాసులు అడిగే హక్కు మాకు లేదు.

బోయీ అంటే పల్లకీ మోసేవాడు. ఆ పేరుతోనే పిలుచుకునే బస్తీలో 2022 మార్చి 23 తెల్లవారుజామున ఒక స్క్రాప్ గోదాములో మంటలు లేచాయి. పై అంతస్తులో 12 మంది బీహారు కూలీలు నిద్రపోతున్నారు. ఒక్కడు దూకి బతికాడు. 11 మంది చనిపోయారు. ఇంటికి డబ్బు పంపడానికి వందల మైళ్ళు దాటి వచ్చినవాళ్ళు, మన పిల్లల్లాగే. పరిహారం ప్రకటించారు, వార్త పాతబడింది.

బోయిగూడ గుమ్మంలో రాయి నిలబెడితే, ఇంటివారిని అడిగి, ఆ 11 పేర్లు దాని మీద చెక్కాలి. మా మొదటి షరతు అది. "గుమ్మంలో చావు కబురేంటి పాస్టరుగారూ, అశుభం" అనేవాళ్ళుంటారు. యొర్దాను దాటగానే గిల్గాలులో యెహోషువ 12 రాళ్ళు నిలబెట్టించాడు గదా. అవి నది అడుగు నుంచి మనుషులు భుజాన మోసుకొచ్చిన రాళ్ళు. అందంగా ఉంటాయని పెట్టలేదు. ఈ రాళ్ళేమిటని రేపు పిల్లలు అడగాలని పెట్టారు. రంగు లైట్లు వేసిన ఫౌంటెన్ చూసి ఏ పిల్లవాడు ఏమడుగుతాడు?

డబ్బు సంగతి. అమెరికాలో స్వేచ్ఛా విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలకపోతే, 1885లో పులిట్జర్ అనే పత్రికాధిపతి తన పత్రికలో చందా అడిగాడు. లక్షమందికి పైగా ఇచ్చారు, ఎక్కువమంది ఒక్క డాలరు లోపే. ఎంత చిన్న మొత్తమైనా ఇచ్చినవారి పేరు అచ్చువేస్తానన్నాడు. ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటింది. ఆ విగ్రహం చూసే ఎన్.టి. రామారావుగారికి హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం ఆలోచన వచ్చిందంటారు. రాయి పెద్దదే తెచ్చారు, సుమారు 450 టన్నులు. 1990 మార్చిలో నీళ్ళ మీద తీసుకెళ్తుండగా అది జారి పడి, పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకి తీశారు. ఈరోజు పడవెక్కి ఫోటోలు దిగేవాళ్ళలో ఆ పనివాళ్ళ పేర్లు తెలిసినవారు ఎందరు? అందుకే మేము ఈ విషయంలో మొండిగా ఉన్నాం. పది రూపాయలిచ్చిన ఆటో అన్నకూ, లక్ష ఇచ్చిన షావుకారుకూ ఒకే సైజు అక్షరాలు. లేదా ఇద్దరికీ లేవు. కట్టిన మేస్త్రీ, కూలీల పేర్లు మాత్రం ఉండి తీరాలి.

ఇంకో మాట. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి రాత్రికి రాత్రే దిమ్మె కట్టేసి, తెల్లారి కొబ్బరికాయో ప్రార్థనో చేసేసే పద్ధతి వద్దు. రైల్వేవారినీ కార్పొరేషన్‌వారినీ కాగితం మీద అడగండి. గోడలో నిలబెట్టే ఒక నల్లరాయి చాలు. నడిచేవాళ్ళ దారి తినెయ్యదు.

పిల్లలారా, ఇవన్నీ బస్తీ పెద్దల ముందు పెట్టండి. సరే అంటే వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి మందిరం గుమ్మం దగ్గర వేరే పెట్టె పెడతాం, వారం వారం లెక్క గోడకు అంటిస్తాం. దాత పేరే పైన ఉండాలని పట్టుబడితే, అదీ మాకు రాయండి. తెకోవ వాళ్ళ సంగతి రాసినట్టే ఇక్కడ రాస్తాం.