ఎంగిలి బీరు: ఎవరికి వింత, ఎవరికి వెట్టి?

మొన్న మా విద్యార్థుల గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. ప్రపంచంలోని వింత బీర్ల మీద. కింద వరసగా నవ్వు బొమ్మలు, వాంతి బొమ్మలు. "ఛీ, యాక్" అని ఒకరు. "సార్, మీరైతే తాగుతారా?" అని ఇంకొకరు. చివర్లో ఒక తమ్ముడు "అసలు వీళ్లు మనుషులేనా" అని రాశాడు.

నేను అక్కడ ఆగిపోయాను. ఆ మాట మన వాడల వైపు చూసి అనగా చాలాసార్లు విన్నాను. ఆ నవ్వినవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. ఈ వారం ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను.

ముందు ఆ బీర్ల సంగతి చూద్దాం.

2010లో స్కాట్లాండ్‌లోని బ్రూడాగ్ కంపెనీ 'ది ఎండ్ ఆఫ్ హిస్టరీ' అనే బీరు చేసింది. మామూలు బీరులో ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. ఇందులో 55 శాతం. చేసింది 12 సీసాలే. దారిన చచ్చిపడిన ఉడతలు, ముంగిస లాంటి స్టోట్‌లు, ఒక కుందేలు, వీటి తోలు ఒలిచి, లోపల కూరి, ఒక్కో సీసాకు తొడుగులా వేశారు. ధర 500 నుంచి 700 పౌండ్లు. 2013లో జపాన్‌లోని శాంక్ట్ గాలెన్ కంపెనీ థాయ్‌లాండ్ ఏనుగులు తిని పేడలో వదిలిన కాఫీ గింజలతో బీరు చేసింది. పేరు 'ఉన్ కోనో కురో'. జపనీస్‌లో 'ఉంకో' అంటే మలం. పేరులోనే పరాచికం. 2015లో ఐస్‌లాండ్‌లో స్టెడ్యీ కంపెనీ గొర్రె పెంటికల పొగ పెట్టిన తిమింగలం వృషణాలతో బీరు అమ్మింది. అమెరికాలోని రోగ్ కంపెనీ తన బీరు మేస్త్రీ గడ్డంలో దొరికిన ఈస్టుతో బీరు చేసింది. సింగపూర్‌లో శుద్ధి చేసిన మురుగు నీటితో చేశారు. డెలావేర్‌లో మొక్కజొన్న నమిలి ఉమ్మి చేశారు.

ఇంకోసారి చదవండి. చచ్చిన జంతువు తోలు. పేడ. మురుగు. ఉమ్మి.

ఈ జాబితా మీకెక్కడా తగల్లేదా? ఇది కులం రాసుకున్న జాబితా. వేల ఏళ్లుగా మనల్ని ఊరి బయట ఉంచడానికి ఏ పదార్థాలను సాకుగా చూపించారో, సరిగ్గా అవే పదార్థాలు పౌండ్లలో, డాలర్లలో, యెన్‌లలో అమ్ముడుపోతున్నాయి. కాబట్టి మైల ఆ పదార్థంలో లేదు. ఉంటే డబ్బు పెట్టినా పోకూడదు కదా?

ఒక్కొక్కటీ తీసి చూద్దాం. ఉమ్మితో మొదలుపెడతాను.

ఆండీస్ కొండల్లో చిచా అని మొక్కజొన్న కల్లు ఉంది. పాత పద్ధతిలో ఆడవాళ్లు మొక్కజొన్న పిండిని నోట్లో వేసుకుని, తడిపి, ముద్ద చేసి కుండలో వేస్తారు. ఇందులో వింతేమీ లేదు. పిండిలో ఉన్నది గంజి. ఈస్టుకి గంజి అరగదు, చక్కెర కావాలి. మన లాలాజలంలో ఉన్న అమైలేజ్ అనే ఎంజైము గంజిని చక్కెరగా మారుస్తుంది. యూరప్ వాడు బార్లీని మొలకెత్తించి సాధించేది ఇదే. ఆ తర్వాత ఎలాగూ మరిగిస్తారు, క్రిములు చస్తాయి. అంటే ఆ ఆడవాళ్లు చేసింది జీవరసాయన శాస్త్రం. సీసా లేదు, లేబుల్ లేదు, అంతే తేడా.

ఆ చిచాకు ఏం జరిగిందో చూడండి. 1948 ఏప్రిల్ 9న కొలంబియా రాజధాని బొగోటాలో పేదల నాయకుడు హోర్హే ఎలియేసెర్ గైతాన్‌ను కాల్చి చంపారు. నగరం తగలబడింది. పాలకులు నింద వేయడానికి దొరికిన వాటిలో చిచా ఒకటి. చిచా తాగితే మనిషి మొద్దుబారిపోతాడని, జైళ్లు నిండేది చిచా తాగేవాళ్లతోనే అని పోస్టర్లు వేశారు. ఆ ఏడాదే చట్టం తెచ్చారు. పులియబెట్టిన పానీయాలు మూత వేసిన గాజు సీసాల్లో మాత్రమే అమ్మాలి. కుండలో పోసి అమ్ముకునే ఆడమనిషి గాజు సీసాల కర్మాగారం ఎక్కడ పెడుతుంది? చట్టంలో 'పేదలు', 'మూలవాసులు' అన్న మాటలు రాయాల్సిన అవసరమే రాలేదు. సీసా అన్న మాట చాలు. కుండ పోయింది, బీరు కంపెనీ సీసా నిలబడింది.

61 ఏళ్ల తర్వాత, 2009లో, అమెరికాలోని డెలావేర్‌లో డాగ్‌ఫిష్ హెడ్ అనే బీరు కంపెనీ యజమాని శామ్ కలజోని, ఆయన మనుషులు, వాళ్లతో పురావస్తు శాస్త్రవేత్తలు కూర్చుని పెరూ ఊదా మొక్కజొన్న నమిలారు. దవడలు నొప్పి పుట్టేదాకా నమిలారు. పెద్ద పత్రికలు కథనాలు రాశాయి. ప్రయోగం అన్నారు, సాహసం అన్నారు, ప్రాచీన విజ్ఞానం అన్నారు. నోరు మారింది, పేరు మారింది. ఉమ్మి మాత్రం ఉమ్మే.

మన భాషలో దీనికి ఒక మాట ఉంది. ఎంగిలి. తల్లి ఎంగిలి ప్రేమ. శబరి ఎంగిలి భక్తి. వాల్మీకి రాయకపోయినా జనం కట్టుకున్న కథ. కన్నప్ప నోట్లో నీళ్లు పట్టి తెచ్చి శివుడికి అభిషేకం చేశాడు, రుచి చూసిన మాంసం నైవేద్యం పెట్టాడు. దేవుడికి అరిగింది. తెలంగాణలో బతుకమ్మ మొదలయ్యేదే ఎంగిలిపూలతో. తరగతిలో ఇవన్నీ చెబుతాను, పిల్లలు రాసుకుంటారు. అదే ఎంగిలి ఊళ్లో టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? రెండో గ్లాసు అయింది. చూరులో వేరేగా పెట్టిన గ్లాసు. తాగి మనమే కడిగిపెట్టాల్సిన గ్లాసు. పురాణంలో ఎంగిలి తిన్న దేవుడు టీ కొట్టు గోడ మీద పటంలోంచి చూస్తూనే ఉన్నాడు.

1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ చెప్పింది గుర్తు తెచ్చుకోండి. పీష్వాల పుణెలో అంటరానివాడు మెడలో మట్టి ముంత కట్టుకుని తిరగాలి. ఉమ్మి నేల మీద పడితే, తెలియక తొక్కిన హిందువు మైలపడతాడట. అండీస్‌లో ఉమ్మి పడిన కుండ చిచా అయింది. పుణెలో ఉమ్మి పడిన ముంత మెడకు ఉరి అయింది.

ఇప్పుడు పేడ. ఏనుగు పేడలోంచి కాఫీ గింజల్ని ఏరేది చేతులతోనే. ఏరినవాళ్ల పేరు లేబుల్ మీద ఉండదు. "ఆహా, ఎంత మృదువైన రుచి" అన్నవాళ్ల పేర్లు మాత్రం పత్రికల్లో వస్తాయి. మన దేశంలో ఈ పని కొత్తదా? గోబరహా గురించి అంబేడ్కర్ రాశాడు. ఉత్తరప్రదేశ్‌లో కళ్ళంలో కంకులు తొక్కించేటప్పుడు ఎడ్లు గింజలు మింగుతాయి. తర్వాతి రోజు పేడలో ఆ గింజలు పడతాయి. ఆ పేడను కడిగి, వడకట్టి, తేలిన గింజల్ని అంటరాని కూలీలకు కూలిగా ఇచ్చేవారు. వాళ్లు అవి విసురుకుని రొట్టెలు చేసుకునేవారు.

ఒకచోట పేడలో గింజ విలాసం. ఇంకోచోట పేడలో గింజ కూలి. రెండూ జంతువు కడుపులోంచి వచ్చినవే. తేడా ఒక్కటే: ఆ బీరు వద్దనుకున్నవాడు గ్లాసు పక్కన పెట్టి ఇంకోటి తెప్పించుకుంటాడు. ఆ గింజలు వద్దన్న కూలీ పిల్లలు పస్తు పడుకుంటారు. వద్దనే హక్కు ఉన్నవాడికి అది వింత. లేనివాడికి వెట్టి.

తోలు మాటకొస్తే, ఉడత తోలు ఒలిచి సీసాకు తొడిగిన కంపెనీని జంతు ప్రేమికులు విమర్శించారు, నిజమే. కానీ ఎవరినీ కారుకు కట్టి కొట్టలేదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచిన మన యువకుల్ని కట్టేసి, చొక్కాలు విప్పి, ఊరేగించి కొట్టారు. వీడియో కూడా వాళ్లే తీశారు. అది కూడా ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగింది.

ఇక మురుగు. 2018లో సింగపూర్ ప్రభుత్వ జల సంస్థ, బ్రూవర్క్స్ అనే బీరు తయారీ సంస్థ కలిసి 'న్యూబ్రూ' తెచ్చాయి. మురుగు నీటిని సన్నని పొరల గుండా వడకట్టి, రివర్స్ ఆస్మోసిస్ చేసి, అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేసిన 'న్యూవాటర్'తో ఆ బీరు చేస్తారు. 2022లో దుకాణాల్లోకీ వచ్చింది. ఆ బీరు మీద నాకు ఏ కోపమూ లేదు. మంచి పని. ఒక నగరం తన మురుగును యంత్రానికి అప్పగించి, ఆ నీళ్లే మళ్లీ గ్లాసులో పోసుకుని సిగ్గుపడకుండా తాగుతోంది.

మనం మురుగును ఎవరికి అప్పగించాం? 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం. అయినా మేన్‌హోల్‌లోకి మనిషే దిగుతున్నాడు. ఆ మనిషి కులం ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. బెజవాడ విల్సన్ లాంటివాళ్లు జీవితమంతా అడుగుతున్నది ఒక్కటే, మమ్మల్ని చంపొద్దు అని. 2014లో సుప్రీంకోర్టు ఒక్కో చావుకు 10 లక్షలు ఇవ్వమంది. 2023లో 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది, దిగడం ఆగలేదు. మురుగును తాగేనీళ్లుగా మార్చే సాంకేతికత ఉన్న ఈ కాలంలో ఒక గొట్టం శుభ్రం చేసే యంత్రం లేదంటే నమ్మమంటారా? మన దగ్గర మనిషి చవక, అదీ అసలు కారణం. ఇంకో మాట. 1985 జులైలో కారంచేడు మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్నందుకు. ఆరుగురిని చంపారు. మన నీళ్లలో మురికి కలపడం వాళ్ల హక్కు, వాళ్ల మురికిలోకి దిగడం మన విధి. కులం అనే ప్లంబింగ్ ఇలా పనిచేస్తుంది.

ఇక్కడ ఒకరు అడుగుతారని తెలుసు: "సార్, తాగుడు మన వాడల్ని తినేస్తుంటే మీరు కల్లు కుండను పొగుడుతున్నారా?"

న్యాయమైన ప్రశ్న. జవాబు డర్బన్‌లో ఉంది, దూబగుంటలోనూ ఉంది. 1908లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో నేటివ్ బీర్ చట్టం వచ్చింది. దాని అండతో డర్బన్ మునిసిపాలిటీ నల్లవాళ్ల జొన్న బీరు మీద గుత్తాధిపత్యం తీసుకుంది. ఇంట్లో కాచుకునే ఆడవాళ్లు నేరస్తులయ్యారు. వాళ్ల మగవాళ్లు మునిసిపల్ బీరు హాల్లో తాగాలి. ఆ లాభంతోనే నల్లవాళ్లను అదుపులో పెట్టే యంత్రాంగాన్ని నడిపారు. 1959 జూన్‌లో కేటో మేనర్ ఆడవాళ్లు కర్రలు పట్టుకుని ఆ హాళ్ల మీద పడ్డారు.

మన దగ్గర 1980ల్లో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లు పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్లు ఆ సారాను అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. కేటో మేనర్ ఆడవాళ్లు కాచుకునే హక్కు కోసం, దూబగుంట ఆడవాళ్లు కాపురాల కోసం లేచారు. ఎదురుగా నిలబడింది మాత్రం ఒకటే: మన కూలి డబ్బును మత్తు దారిలో తన పెట్టెలోకి లాక్కునే ఖజానా. నేను కుండను పొగడటం లేదు. కుండ ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయింది, డబ్బు ఎటు పోయింది అని అడుగుతున్నాను.

తమ్ముడూ, "వీళ్లు మనుషులేనా" అని రాసిన నీ మీద నాకు కోపం లేదు. ఆ 'ఛీ' నీది కాదు. అది నీ నోట్లో ఎవరో పెట్టిన మాట. ఎంగిలి మాట. రేపు ఇలాంటి వీడియో వస్తే నవ్వే ముందు మూడు ప్రశ్నలు అడుగు. ఇది ముందు ఎవరు చేసేవాళ్లు? వాళ్లు చేసినప్పుడు దీన్ని ఏమన్నారు? ఈ పని చేస్తున్నవాడికి మానేసే వీలు ఉందా?

ఆ మూడోదానికి జవాబు 'లేదు' అని వస్తే, అక్కడ వింత లేదు. అక్కడ మనవాడు ఉన్నాడు.

జై భీమ్.