నవ్వు ఎవరి మీద?

ప్రజాస్వామ్యంలో ఓటు హక్కు పౌరుని ఆత్మగౌరవానికి గుర్తు. ఆ హక్కును అపహరించే కుయుక్తులను వ్యంగ్యచిత్రం ఒక్క చూపులో బయటపెడుతుంది. అక్షరం రానివారికి సైతం అర్థమయ్యే భాష అది.

అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865లో థామస్ నాస్ట్ ‘హార్పర్స్ వీక్లీ’ పత్రికలో ఒక చిత్రం గీశాడు. యుద్ధంలో కాలు పోగొట్టుకొన్న నల్లజాతి సైనికుణ్ణి చూపుతూ, ఇతనికి ఓటు ఎందుకు లేదని అమెరికాకు ప్రతీకయైన స్త్రీమూర్తి అందులో ప్రశ్నిస్తుంది. జాతి, వర్ణాల కారణంగా ఓటు నిరాకరించరాదని 1870లో పదిహేనవ రాజ్యాంగ సవరణ శాసించింది. అయినా చదువు లేదన్న నెపం తలెత్తింది. 1879లో అదే పత్రిక ఆ నెపాన్ని ఎగతాళి చేసింది. నల్లవారు చదువుకొన్న తరువాతే ఓటు వేయాలని ఒక తెల్లవాడు గోడమీద తప్పులతడకగా రాస్తున్నట్లు చిత్రించింది. ఆపై దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యతా పరీక్షలను, తలపన్నును చట్టబద్ధం చేశాయి. 1965 నాటి ఓటు హక్కుల చట్టం వచ్చేదాకా లక్షలాది నల్లవారు ఓటుకు దూరంగానే ఉండిపోయారు.

అయితే వ్యంగ్యం ఎల్లవేళలా న్యాయం పక్షాన నిలవదు. అదే నాస్ట్ 1874లో నల్లజాతి శాసనసభ్యులను వికృతాకారులుగా, కలహప్రియులుగా చిత్రించాడు. హక్కు కోరినవానిని గౌరవించిన చేయే హక్కు పొందినవానిని అవమానించింది. వారు పాలనకు అనర్హులన్న దుష్ప్రచారానికి అటువంటి చిత్రాలు ఊతమిచ్చాయి.

బలవంతుని అన్యాయాన్ని చూపి నవ్విస్తే అది వ్యంగ్యం; బలహీనుని పుట్టుకను చూపి నవ్విస్తే అది వివక్ష. కనుక నవ్వే ముందు ఆ నవ్వు ఎవరి మీదో ఆలోచించడం విద్యావంతుల కర్తవ్యం.