స్టీలు గ్లాసు గీయడం రావాలి.. ఏఐ ఉన్నా సరే!

‘టేబుల్ మీద స్టీలు గ్లాసు, కిటికీ లోంచి ఎండ పడుతుండాలి’ అని టైప్ చేస్తే చాలు, కాసేపట్లో ఫొటోలాంటి బొమ్మ వచ్చేస్తోంది. 2025 మార్చిలో చాట్‌జీపీటీకి కొత్త ఇమేజ్ జనరేటర్ తోడైంది. అదే ఏడాది ఆగస్టులో గూగుల్ ‘నానో బనానా’ వచ్చింది. అప్పటి నుంచి గ్రాఫిక్స్, యానిమేషన్, ప్రొడక్ట్ డిజైన్ వైపు రావాలనుకునేవాళ్లను ఒకటే అనుమానం పీకుతోంది. బ్లెండర్ ముందు రెండు రోజులు కూర్చుని ఒక గ్లాసు తయారుచేయడం ఇంకా అవసరమా?

అవసరమే. కాకపోతే కారణం మారింది. అందమైన బొమ్మ ఇప్పుడు ఎవరికైనా దొరుకుతుంది. కొలతలకు సరిపోయే బొమ్మ, అడిగినట్టు మార్చగలిగే బొమ్మ మాత్రం అంత తేలిగ్గా దొరకదు. జీతం వచ్చేది ఆ రెండో దానికే.

బొమ్మ వేరు.. వస్తువు వేరు

గ్లాసులు తయారుచేసే కంపెనీ ఏం అడుగుతుందో ఊహించండి. ‘అంచు ఇంకో రెండు మిల్లీమీటర్లు మందంగా ఉండాలి. ఇదే గ్లాసును పైనుంచి, పక్కనుంచి చూపించండి. మూడు సైజుల్లో కావాలి. లోగో మాత్రం కదలకూడదు’. ఏఐకి చెప్పిన ప్రతిసారీ అది బొమ్మను మళ్లీ వేస్తుంది. అంచు సరిచేస్తే అడుగు మారిపోవచ్చు, కోణం మారిస్తే లోగో వంకర పోవచ్చు. ఈ టూల్స్ రోజురోజుకీ మెరుగవుతున్నాయి, నిజమే. అయినా వాటి దగ్గర ఉండేది పిక్సెల్స్. త్రీడీ మోడల్‌లో ఉండేది కొలతలు. అక్కడ ఒక అంకె మారిస్తే అన్ని కోణాల్లోనూ ఒకేలా మారుతుంది.

దీనికి చట్టం కోణం కూడా ఉంది. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, ఆన్‌లైన్లో పెట్టే వస్తువు వివరణ, చిత్రాలు అసలు వస్తువు రూపానికి, నాణ్యతకు సరిపోవాలి. సైట్‌లో లావుపాటి గ్లాసు చూపించి ఇంటికి పలచటిది పంపితే కొన్నవాళ్లు ఊరుకోరు. కాబట్టి అసలు వస్తువును కొలిచి, దానికి తగ్గట్టు బొమ్మ చేయగలిగిన మనిషి అవసరం పోలేదు.

టీ కెటిల్ చెప్పే కథ

కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో అన్నింటికన్నా పేరున్న వస్తువు కూడా వంటింటిదే. 1975లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ అనే పరిశోధకుడికి పరీక్షించి చూసుకోవడానికి ఒక ఆకారం కావాల్సి వచ్చింది. ఇంట్లో టీ సెట్ ఉంది కదా, అది చెయ్యమని భార్య సాండ్రా సలహా ఇచ్చారు. ఆయన తమ కెటిల్‌ను గ్రాఫ్ పేపర్ మీద పెన్సిల్‌తో గీసి, వంపుల బిందువులను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. గుండ్రటి పొట్ట, పిడికి మధ్య ఖాళీ, తన మీద తానే నీడ వేసుకునే కొమ్ము.. వెలుగునీడలను పరీక్షించడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ డేటాను అందరికీ ఇచ్చేయడంతో ‘యూటా టీపాట్’ ప్రపంచమంతా తిరిగింది. అసలు కెటిల్ ఇప్పుడు కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

ఫర్నిచర్ సంస్థ ఐకియా అనుభవం ఇంకా పనికొస్తుంది. 2006లో ‘బెర్టిల్’ అనే చెక్క కుర్చీతో ఆ సంస్థ కంప్యూటర్ బొమ్మలు వాడటం మొదలుపెట్టింది. 2014 నాటికి దాని ఉత్పత్తుల చిత్రాల్లో 75 శాతం వరకు అలాంటివే. ఇక్కడ గమనించాల్సింది ఆ అంకెను కాదు, వాళ్లిచ్చిన శిక్షణను. ఫొటోగ్రాఫర్లకు త్రీడీ నేర్పించారు, త్రీడీ ఆర్టిస్టులకు ఫొటోగ్రఫీ నేర్పించారు. సాఫ్ట్‌వేర్ వచ్చినంత మాత్రాన వెలుతురు ఎలా పడుతుందో తెలియదని వాళ్లకు అర్థమైంది.

గ్లాసు ఏం నేర్పుతుంది?

మామూలు స్టీలు గ్లాసునే తీసుకోండి. త్రీడీలో దాన్ని చేయడం చూడ్డానికి తేలిక. గ్లాసును నిలువునా సగానికి కోస్తే కనిపించే అంచు గీతను గీసి, మధ్య అక్షం చుట్టూ తిప్పాలి. బ్లెండర్‌లో ‘స్పిన్’, ఇలస్ట్రేటర్‌లో ‘రివాల్వ్’ చేసే పని ఇదే. కుమ్మరి సారె మీద కుండ తిరిగినట్టే.

కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఇంక్‌స్కేప్ లాంటి టూడీ సాఫ్ట్‌వేర్‌లో వేసేవాళ్లు గ్లాసు మూతికీ అడుగుకీ ఒకే అండాకారం పెట్టేస్తుంటారు. పైనుంచి చూస్తున్నప్పుడు మన కంటి ఎత్తుకు ఎంత కింద ఉంటే ఆ గుండ్రం అంత విచ్చుకుని కనిపిస్తుంది. అంటే అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువ ఉండాలి. ఇక స్టీలు అనగానే బూడిద రంగు గ్రేడియెంట్ వేస్తే అది ప్లాస్టిక్‌లా తేలిపోతుంది. స్టీలుకు తనదంటూ రంగు కనిపించేది తక్కువ, చుట్టూ ఉన్నవాటినే అది చూపిస్తుంది. అందుకే కిటికీ తెల్లటి నిలువు చారగా, పక్కనున్న గోడ ముదురు చారగా, మధ్యలో మెత్తదనం లేకుండా పక్కపక్కనే పడతాయి. మడిచిన అంచు మీద సన్నటి మెరుపు కూడా ఉండాలి.

ఇవి తెలిసినవాళ్లకు ఏఐ ఇచ్చిన బొమ్మలో తప్పు వెంటనే దొరుకుతుంది. తెలియనివాళ్లు ‘బాగుంది’ అని పంపేస్తారు.

ఉద్యోగాల సంగతి?

పూలబాట అని చెప్పలేం. 2013లో ‘లైఫ్ ఆఫ్ పై’కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చే సమయానికే ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ దివాలా పిటిషన్ వేసింది. దానికి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ సంస్థ కుప్పకూలితే బెంగళూరు సహా మన దేశంలో వేలమంది రోడ్డున పడ్డారు. సినిమా ఎఫెక్ట్స్ ఒక్కటే నమ్ముకోవడం రిస్కే. వస్తువును కచ్చితంగా మోడల్ చేయడం వస్తే మాత్రం ఇంటీరియర్స్, ఫర్నిచర్, ప్యాకేజింగ్, నగల డిజైన్, గేమ్స్.. ఇలా నాలుగైదు తలుపులు తట్టొచ్చు.

ఖరీదైన కోర్సులో చేరే ముందు ఈ పనులు చేసి చూడండి.

- బ్లెండర్, ఇంక్‌స్కేప్ రెండూ ఉచితం. 2025లో ఆస్కార్ గెలిచిన యానిమేషన్ సినిమా ‘ఫ్లో’ను బ్లెండర్‌లోనే తీశారు. సాఫ్ట్‌వేర్ కొనలేదని ఆగక్కర్లేదు.
- ఇంట్లోని ఒక వస్తువును స్కేలుతో కొలిచి మోడల్ చేయండి. గ్లాసు అయ్యాక చెంబు, తర్వాత ప్రెషర్ కుక్కర్.
- అదే కోణంలో, అదే వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టండి. తేడాలు రాసుకోండి.
- పోర్ట్‌ఫోలియోలో ఫైనల్ బొమ్మతో పాటు వైర్‌ఫ్రేమ్, కొలతలు, అసలు ఫొటో పెట్టండి. మీరే చేశారనడానికి అదే రుజువు.
- ఏఐ వాడితే ఎక్కడ వాడారో చెప్పండి. బ్యాక్‌గ్రౌండ్ ఐడియాల కోసం వాడటంలో తప్పేం లేదు.

బీటెక్ చేసి డిజైన్ వైపు మళ్లాలనుకుంటే ఐఐటీ బాంబే నిర్వహించే ‘సీడ్’ పరీక్ష రాయొచ్చు. దాని స్కోరుతో ఐఐటీ హైదరాబాద్ సహా పలు సంస్థల్లో ఎం.డెస్.లో చేరే వీలుంది. అందులో పార్ట్-బి కాగితం మీద చేత్తో గీయాల్సిందే. ఆ హాల్లో ఏఐ ఉండదు. మీ కన్ను, మీ చెయ్యి ఉంటాయి. వాటికి సాధన కావాలంటే వంటింట్లో గ్లాసు సిద్ధంగానే ఉంది.