బెల్లం కొట్టు, బీజింగు బ్యాంకు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలం చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి. దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాడు ఒక దిమ్మ అంచు గిల్లి, రంగు చూసి, నాలిక్కి రాసుకుని, మొదటి రకమో మూడో రకమో చిటికెలో తేల్చేస్తాడు. కొలగార్ల కేకలు, కళాసీల పరుగులు, ఈగలు, అన్నిటి మీదా పరుచుకున్న తీపి వాసన. ఈమధ్య సరుకు రాక తగ్గింది గానీ సందడి బొత్తిగా పోలేదు.

ఆ సందడిలో గమనించాల్సింది ఇంకొకటుంది. బండి దిగిన రైతు అటూ ఇటూ చూడడు. ఏ కొట్లో ధర బాగా పలుకుతోందని వాకబు చెయ్యడు. సరాసరి తన కొట్టుకే పోతాడు. తన కొట్టంటే తనది కాదు. చెరకు నాటే రోజుల్లో ఎరువులకీ, నడుమ పిల్ల పెళ్లికో ఆసుపత్రికో సర్దిన షావుకారుది. సరుకు ఆ గడపలోనే దిగాలి. కాగితం మీద అలా ఏమీ రాసి ఉండదు. రాయనక్కర్లేదు కూడా.

ఈ ఏర్పాటుని దోపిడీ అనేవాళ్లున్నారు, ఆదుకోవడం అనేవాళ్లున్నారు. నాకు మాత్రం వడ్డీ లెక్కకంటే ఆ రైతు కొట్టు ముందు నిలబడే తీరే ఎక్కువ మనసుకి పడుతుంది. ఇంట్లో నలుగురినీ గద్దించే మనిషి అక్కడికొచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు. "ఏం నాయుడూ, పిల్లలు కులాసాయేనా?" అని షావుకారు ప్రేమగానే పలకరిస్తాడు. ఆ ప్రేమ అబద్ధమేమీ కాదు. అందుకే రైతు నోరెత్తలేడు.

దేశాల మధ్య అప్పుల గురించి చదివినప్పుడల్లా నాకు ఈ దృశ్యమే గుర్తొస్తుంది. చైనా ఫలానా దేశానికి ఇంత ఇచ్చిందట, ఫలానా చోట రేవు కట్టిందట. చదివి పేజీ తిప్పేస్తాం. ఎక్కడో ఆఫ్రికాలోనో, సముద్రంలోని దీవుల్లోనో జరిగే సంగతులని మన ధీమా. ఆ వైపు డబ్బు మన రాష్ట్రంలోని చేల గట్ల దాకా వచ్చిందని తెలిస్తే మాత్రం కాస్త వింతగా ఉంటుంది.

2017 మే నెలలో ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు, పొట్టిగా ఏఐఐబీ, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నాలుగు గంటల కరెంటు పథకానికి 16 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ప్రపంచ బ్యాంకు 24 కోట్లిచ్చింది. మిగిలింది రాష్ట్రం వేసుకుంది. బీజింగులో ప్రధాన కార్యాలయం ఉన్న ఆ బ్యాంకు మన దేశానికిచ్చిన మొట్టమొదటి అప్పు అదే. మరుసటి ఏడాది అదే బ్యాంకు మన పల్లె రోడ్లకు 45.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. షాంఘైలో ఉన్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకు, అంటే అప్పటి బ్రిక్స్ దేశాలు ఐదూ సమాన వాటాలతో పెట్టుకున్నది, రాష్ట్ర రహదారులకూ మండల రోడ్లకూ కలిపి 64.6 కోట్ల డాలర్లకు సంతకాలు చేసింది. రోడ్ల మాట ఎత్తితే చోడవరం బస్సెక్కేవాళ్లు నవ్వుతారు కాబట్టి కరెంటు సంగతే చెప్పుకుందాం.

ఒకప్పుడు చేలల్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, దాని కింద పదిహేనో ఇరవయ్యో మోటార్లు ఉండేవి. గట్ల వెంట వేలాడే పొడుగాటి తీగలు. చివరి మోటారు దాకా వచ్చేసరికి కరెంటు నీరసపడి వైండింగు కాలిపోయేది. ట్రాన్స్‌ఫార్మరే పోయిందంటే రైతులు తలా ఇంత వేసుకుని, ట్రాక్టరెక్కించి, రిపేరు షెడ్డు చుట్టూ తిరిగేవారు. గానుగాట రోజుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఎద్దుల గానుగలు పోయి క్రషర్లు మోటార్ల మీద నడవడం మొదలయ్యాక, కరెంటు పోతే కొట్టిన చెరకు కొట్టినట్టే పడి ఉంటుంది. ఎండిన చెరకులో రసం తగ్గుతుంది, బెల్లం రంగు మారుతుంది. రంగు మారితే మార్కెట్లో గిల్లి చూసేవాడు ఊరుకుంటాడా?

ఆ పథకంలో ఒక భాగం సరిగ్గా దీనికి విరుగుడే. హై ఓల్టేజీ తీగని చేను దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ బిగించడం. ఒకటి కాలినా నలుగురివీ ఆగవు. పైగా తన ట్రాన్స్‌ఫార్మరని రైతు కాస్త కనిపెట్టుకుని ఉంటాడు.

అందులో బీజింగు బ్యాంకు డబ్బు కూడా ఉందని ఒక రైతుతో అంటే ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎవుడి డబ్బయితే నాకేటి బాబూ? మోటారు కాలకుండా ఉంటే చాలు."

ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ షావుకారు గడపలో ఆయన ఇలా అనలేడు. అక్కడ అప్పుకి ఒక మొహం ఉంది, పలకరింపు ఉంది. ఇక్కడ అవేవీ లేవు. పైగా ఈ బ్యాంకులో పాతిక శాతం పైన ఓటు చైనాదైతే, తర్వాతి వాటా మనదే. దాని దగ్గర అందరికంటే ఎక్కువ అప్పు తీసుకున్న దేశమూ మనదే. తాను వాటాదారుగా ఉన్న కొట్లో అప్పు తీసుకునేవాడికి తల దించుకునే పని ఉండదు. మొహమాటం లేని అప్పు ఎంత తేలికో!

అది ఎంత తేలికో 2020 జూన్‌లో తెలిసింది. ఆ నెల 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది మన సైనికులు చనిపోయారు. వాళ్లకి ముందు నిలిచిన కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. 18న సూర్యాపేట దగ్గర ఆయన అంత్యక్రియలు జరిగాయి. టీవీల ముందు కూర్చుని ఏడవని తెలుగిల్లు లేదేమో. మర్నాడు, అంటే 19న, కరోనా దెబ్బకి కుదేలైన పేద కుటుంబాల ఆసరా కోసం మన ప్రభుత్వం అదే ఏఐఐబీతో 75 కోట్ల డాలర్ల అప్పు పత్రం మీద సంతకం చేసింది. ఇంకో పది రోజులకి టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లు ఆగిపోయాయి. గట్ల మీద డాన్సులేసి జిల్లాలు దాటి పేరు తెచ్చుకున్న కుర్రాళ్లు ఒక్క రాత్రిలో మామూలు కుర్రాళ్లయిపోయారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఎవరినో దెప్పాలని నాకు లేదు. అప్పు మాట ముందే నడుస్తోంది, అవసరం నిజం, బ్యాంకు ఒక్క చైనాది కాదు. అన్నీ సబబైన సమాధానాలే. అయినా ఆ వారం నాటి తేదీలు చూసినప్పుడల్లా మనసు ఒక్క క్షణం తడబడుతుంది. పగ ఒక దారిన, డబ్బు ఒక దారిన పోగలవని బుద్ధికి తెలుసు. ఇంట్లో ఎవరైనా పోయిన వారంలో ఆ రెండు దారులూ వేరని నమ్మడం కష్టం.

మొహం ఉన్న అప్పు ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్నా మన జిల్లా దాటక్కర్లేదు. తెల్లారకముందే అచ్యుతాపురం వైపు బస్సులు బయల్దేరతాయి. క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి ఇంకో కునుకు తీసే ఆడపిల్లలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది బ్రాండిక్స్ దుస్తుల కర్మాగారాలకి అలాగే వెళ్తారు. ఆ కంపెనీ శ్రీలంకది. 2022లో ఇక్కడ ఈ బస్సులు రోజూ నడుస్తుంటే, ఆ కంపెనీ పుట్టిన దేశంలో బస్సుకి డీజిలు లేదు. వంటగ్యాసు బండల పక్కన జనం రోడ్డు మీదే నిద్రపోయారు. ఆ ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది.

అందరి నోటా అప్పుడు వినబడ్డ పేరు హంబన్‌టోట. చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో కట్టిన రేవు. ఓడలు అనుకున్నన్ని రాలేదు. 2017లో 112 కోట్ల డాలర్లకి ఒక చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చారు. రేవు ఇచ్చి అప్పు మాఫీ చేయించుకున్నారని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. ఆ సొమ్ము దేశపు డాలర్ల నిల్వలోకి పోయింది, రేవు కోసం తెచ్చిన అప్పు అలాగే మిగిలింది. శ్రీలంకని నిజంగా ముంచిన అప్పుల్లో పెద్ద వాటా అంతర్జాతీయ మార్కెట్లో అమ్ముకున్న బాండ్లది. ఆ బాండ్లు కొన్నవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి వాళ్లని తిట్టినవాళ్లూ లేరు. నింద మోయడానికైనా ఒక మొహం కావాలి కదా.

ఆ ఏడు శ్రీలంకకి మన దేశం కూడా దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. అందులో చాలావరకు అప్పే. అంటే మనమూ కొట్టు తెరిచినవాళ్లమే. పలకరింపులో ప్రేమ ఎంతో లెక్క ఎంతో మన పొరుగువాళ్లు కూడా తూచి చూసుకుంటూ ఉంటారన్నమాట.

మాల్దీవుల కథలో మన ఉత్తరాంధ్ర మనిషే ఉన్నాడు. రాజాంలో జనపనార మిల్లుతో మొదలైన గ్రంథి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థ 2010లో మాలే విమానాశ్రయం నిర్వహణ దక్కించుకుంది. రాజాం కుర్రాళ్లు చాయ్ కొట్ల దగ్గర ఎంత గొప్పగా చెప్పుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ ప్రభుత్వం మారింది, 2012 చివర్లో ఒప్పందం రద్దయింది, సంస్థ మూటాముల్లే సర్దుకుంది. తర్వాత ఆ విమానాశ్రయంలో కొత్త రన్‌వే చైనా కంపెనీ చేతుల మీదుగా, చైనా అప్పుతో లేచింది. 2018లో మాలేకి సముద్రం మీద చైనా వంతెన వచ్చింది. మధ్యవర్తుల తీర్పు ప్రకారం జీఎంఆర్‌కి 2016లో 27 కోట్ల డాలర్ల పరిహారం ముట్టింది. తమాషా ఏమిటంటే, ఆ చైనా వంతెన వచ్చాక అదే మాలేని ఇంకోవైపు దీవులతో కలిపే మరో వంతెనకి మన దేశం అప్పూ, గ్రాంటూ ఇచ్చింది. ఒకే రైతు కోసం రెండు కొట్ల గుమస్తాలు బండికి ఎదురెళ్లి, చెరో ఎద్దు పగ్గం పట్టుకున్నట్టు.

అలాంటి రోజున రైతుకి ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? మొదట గర్వంగానే ఉంటుంది. ఇద్దరూ టీ ఇప్పిస్తారు. ఎవరి టీ తాగినా రెండోవాడు కన్నెర్ర చేస్తాడని కాసేపటికి గానీ తట్టదు. చిన్న దేశాల నాయకులు ఓ నెల బీజింగు వెళ్లి నవ్వుతూ, ఓ నెల ఢిల్లీ వచ్చి నవ్వుతూ దిగిన ఫొటోలు చూస్తే నాకు ఆ టీ గ్లాసే గుర్తొస్తుంది. అవకాశవాదులని తేలిగ్గా తీసిపారేస్తాం. ఇంట్లో పిల్ల పెళ్లి ఉన్నవాడి ఇరకాటం అలా తీసిపారేసేది కాదు.

ఈ విషయం మీద పెద్ద పెద్ద నిపుణుల వ్యాసాలు బోలెడున్నాయి, చదవచ్చు. అంతకంటే ముందు ఒక చిన్న పని చెయ్యండి. తుమ్మపాలలోనో, కశింకోటలోనో, మునగపాకలోనో మీకు తెలిసిన చెరకు రైతు, కొట్టు అప్పు మీద బతుకు వెళ్లదీసిన పెద్దాయన, ఇంకా ఉండే ఉంటాడు. వడ్డీ ఎంత కట్టారని అడక్కండి. కొట్టు మారాలనిపించిన రోజున ఏం చేశారో అడగండి. శ్రీలంక గురించీ, మాలే గురించీ నేను రాయగలిగినదానికన్నా ఆయన ఎక్కువే చెబుతాడు.